ప్యాకెట్ తిప్పి చూడండి: చిన్నపిల్లలకు చిప్స్, కారా కొనేముందు లెక్క వేసుకోవడం ఎలా

మా పాపకు మూడున్నరేళ్లు. పోయిన ఎండాకాలం దాకా, హన్మకొండలో మా వీధి మలుపు మీది కిరాణం దుకాణం ముందుకు రాగానే నా కొంగు పట్టి ఆపేది. పైన దండలా వేలాడే ప్యాకెట్లలోంచి ఒకటి తెంపి చేతికిచ్చేదాకా కదిలేది కాదు. అది తిన్నాక రెండు గ్లాసుల నీళ్లు తాగేది. రాత్రి అన్నం ముద్ద ముట్టేది కాదు. ఎండలకు ఆకలి చచ్చిందేమో అనుకున్నాను చాలా రోజులు.

ఒకరోజు ఖాళీ ప్యాకెట్‌ను చెత్తబుట్టలో వేయబోతూ వెనక్కి తిప్పి చదివాను. ఆ రాత్రి వంటింటి కాటా మీద మూడు గ్రాముల ఉప్పు తూచి, స్టీలు పళ్లెంలో నాలుగు సమానమైన కుప్పలు చేశాను. అందులో ఒక కుప్పను పక్కకు జరిపి మా అత్తమ్మకు చూపించాను. పాప సాయంత్రం తిన్న ప్యాకెట్‌లో ఉన్న ఉప్పు అంత. ఆమె పళ్లెం దగ్గరికి వంగి చూసి, "గింతనా? దానికి పొద్దుమాపు కలిపే పప్పుల గూడ గింత పడదు గదనే" అన్నది.

ఆ కుప్ప లెక్క ఎలా వచ్చిందో, మీరు దుకాణంలో నిలబడే అర నిమిషంలో ఎలా వేసుకోవచ్చో చెప్తాను. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

మొదట పిల్ల వయసు

రెండేళ్లు నిండని పిల్లలకైతే ఏ ప్యాకెట్ మంచిదన్న ప్రశ్నే వద్దు. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకు ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. ఏడాది లోపు పిల్లల కిడ్నీలు ఎక్కువ ఉప్పును వడకట్టి బయటికి పంపేంతగా ఇంకా ఎదగవు. "నోట్లో కరిగిపోతది, ఏం గాదు" అని తాతలు, మేనత్తలు ఒకటి చేతిలో పెడతారు. ప్రేమతోనే పెడతారు కాబట్టి గొడవ పడకండి. వాళ్లు వచ్చేముందే ఓ అరటిపండు చేతికందేలా పెట్టి ఉంచితే పని తేలికవుతుంది.

రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల కోసమే ఈ కింది లెక్క.

ముందువైపు వదిలేసి వెనక్కి తిప్పండి

ముందువైపు ఉన్నదంతా అమ్మడానికి రాసింది. "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్దగా వేస్తారు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, కాబట్టి ఆ మాట వల్ల మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు. "కాల్చినది, వేయించనిది" అని ఉంటే నూనె కొంత తగ్గి ఉండొచ్చు, ఉప్పు మాత్రం తగ్గిందని కాదు. "రాగి", "జొన్న", "మల్టీగ్రెయిన్" అని కంకుల బొమ్మలు వేస్తే కొంచెం ఆగండి. బొమ్మతోనో పేరుతోనో ఒక పదార్థాన్ని ఎత్తి చూపితే, అది ఎంత శాతం వేశారో పదార్థాల జాబితాలో రాసి తీరాలని మన దేశపు లేబుల్ నిబంధన. వెనక వెతకండి. ముందు రాగి కంకి పెద్దగా ఉండి, వెనక రాగిపిండి ఐదారు శాతం దగ్గర ఆగిపోతే అది రాగి చిరుతిండి కాదు. మక్కరవ్వతో చేసి పైన రాగి పేరు పెట్టింది.

ఇంకో ఇబ్బంది ఉంది. లేబుల్ ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే చాలని నిబంధన, అందుకే తెలుగులో దాదాపు కనపడదు. ఇంట్లో నానమ్మ కొనేదైతే, ఐదో తరగతి చదివే మనవరాలితో "సోడియం", "సాచురేటెడ్ ఫ్యాట్" అన్న రెండు మాటలు ఒక అట్టముక్క మీద ఇంగ్లిషులో రాయించి పర్సులో పెట్టండి. ఆ అక్షరాలు ఎక్కడున్నాయో పోల్చి చూస్తే చాలు. అక్షరాలు మరీ సన్నగా ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. దుకాణాయన ఏమీ అనుకోడు. మా వీధి దుకాణాయన మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు కొత్త సరుకు రాగానే "అక్కా, దీంట్ల ఎంతున్నదో చూసి చెప్పు" అని నాకే ఇస్తున్నాడు.

ఉప్పు లెక్క

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. పట్టికలో ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు.

పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పు, అంటే 2000 మిల్లీగ్రాముల సోడియం మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పిల్లలకు వాళ్ల తిండిని బట్టి అందులోంచి తగ్గించుకోవాలంటుంది. ఎంత తగ్గించాలన్నదానికి బ్రిటన్ ఆరోగ్య విభాగం వాడే లెక్క నాకు సులువుగా అనిపించింది: ఒకటి నుంచి మూడేళ్ల వాళ్లకు రోజుకు రెండు గ్రాముల ఉప్పు, నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు మూడు గ్రాములు. సోడియంలో చెప్తే 800, 1200 మిల్లీగ్రాములు. ఇందులోనే పప్పు, చారు, కూర, తొక్కు, ఇడ్లీ పిండిలో వేసేది, అన్నీ రావాలి.

ఇప్పుడు నా చేతిలోని ఆ ప్యాకెట్ చూడండి. బరువు 40 గ్రాములు. వంద గ్రాములకు సోడియం 750 మిల్లీగ్రాములు. అంటే ప్యాకెట్ మొత్తంలో 300. ముప్పావు గ్రాము ఉప్పు. పళ్లెంలో పక్కకు జరిపిన కుప్ప అదే. మూడేళ్ల పిల్లకు రోజంతటికీ ఉన్న వాటాలో అది మూడో వంతు కన్నా ఎక్కువ, అంటే 37.5 శాతం.

కానీ అదే ప్యాకెట్ మీద అచ్చయిన శాతం ఎంతో తెలుసా? ఏడున్నర! అబద్ధం రాయలేదు వాళ్లు. రెండు సంగతుల వల్ల ఆ అంకె అంత చిన్నగా కనపడింది. ఒకటి, 40 గ్రాముల ప్యాకెట్‌ను "రెండు వడ్డనలు" (ఇంగ్లిషులో సర్వింగ్ అని ఉంటుంది) అని లెక్కగట్టి 20 గ్రాములకే శాతం వేశారు. ప్యాకెట్ చించి సగం తిని, మిగతా సగం రేపటికి దాచుకునే మూడేళ్ల పిల్లను నేనైతే చూడలేదు. రెండోది, ఆ శాతం రోజుకు 2000 కేలరీలు తినే పెద్ద మనిషిని పెట్టుకుని వేసింది. నిబంధనే అలా ఉంది, పిల్లల బొమ్మలున్న ప్యాకెట్‌కూ అదే కొలత. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు కావలసింది సుమారు 1100 కేలరీలే. పెద్దాయన చొక్కా కొలతతో పసిపిల్ల గౌను కుట్టినట్టు ఉంటుంది.

అందుకని దుకాణంలో ఇలా చేయండి. ప్యాకెట్ మీద సోడియం పక్కన ఉన్న శాతం చూడండి. ఎన్ని వడ్డనలని రాశారో దానితో గుణించండి. వచ్చినదాన్ని నాలుగేళ్లు నిండని వాళ్లకైతే రెండున్నరతో, నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకైతే సుమారు ఒకటిన్నర పైచిలుకుతో మళ్లీ గుణించండి. ఏడున్నర, రెండు వడ్డనలకు పదిహేను, దాన్ని రెండున్నరతో గుణిస్తే ముప్ఫైఏడున్నర. మీ పిల్లకు అసలు శాతం అది.

శాతం వేయకపోతే వంద గ్రాముల గడి ఉండనే ఉంటుంది. రెండు ప్యాకెట్లను పోల్చడానికి ఎప్పుడూ ఆ గడినే చూడాలి, వడ్డన గడిని కాదు. ఎందుకంటే ఒకరు 20 గ్రాములను వడ్డన అంటే ఇంకొకరు 30 అంటారు. వంద గ్రాములకు సోడియం 120 లోపు ఉంటే చాలా తక్కువ. 600 దాటితే ఎక్కువ. మసాలా చల్లిన చిరుతిళ్లలో 600 లోపు ఉన్నవి వెతికితే దొరుకుతాయి, 120 లోపు ఉండేవి మాత్రం ఉప్పు వేయని పుట్నాల్లాంటివే.

నేను నాకోసం పెట్టుకున్న గీత: ఒక పూటకు 100 మిల్లీగ్రాముల సోడియం, అంతకు మించొద్దు. పైన చెప్పిన ప్యాకెట్‌లో అది 13 గ్రాములు. పాప చిన్న గిన్నెలో పోస్తే గిన్నె అడుగు నిండి కొంచెం పైకి వస్తుంది. ప్యాకెట్ చేతికివ్వడం మానేసి గిన్నెలో పోయడం మొదలుపెట్టాకే మా ఇంట్లో నిజమైన మార్పు వచ్చింది. గిన్నె ఖాళీ కావడం పిల్లకు కనపడుతుంది. మెరిసే సంచిలోకి చెయ్యి పెడితే ఎంత అయిందో ఎవరికీ తెలియదు.

ఒక మాట మరిచిపోకముందే. నూడుల్స్ ప్యాకెట్‌ను ఉడికించకుండానే నలిపి, మసాలా చల్లి చిప్స్‌లా తినే అలవాటు మా కాలనీ పిల్లల్లో బాగా ఉంది. వాటిలో వంద గ్రాములకు సోడియం వెయ్యి దాటడం మామూలే. 70 గ్రాముల ప్యాకెట్ ఒకటి అయితే మూడేళ్ల పిల్లకు రోజు వాటా దాదాపు అయిపోయినట్టే. అందులోని ఉప్పు ఎక్కువగా ఆ చిన్న మసాలా పొట్లంలోనే ఉంటుంది, కాబట్టి వండినా సరే సగం పొట్లం పారేయండి.

నూనె

నూనె దగ్గర నిజం చెప్పాలంటే, వేయించిన ప్యాకెట్ ఏదీ పాస్ కాదు. వంద గ్రాముల్లో కొవ్వు 17.5 గ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. బంగాళాదుంప చిప్స్‌లో 33, 35 గ్రాములుంటుంది. అదే 40 గ్రాముల ప్యాకెట్‌లో 13 గ్రాములు, అంటే దాదాపు మూడు టీ చెంచాల నూనె. కాబట్టి మొత్తం కొవ్వును చూసి బెంగపడడం కన్నా దాని కింది వరుస చూడండి. సాచురేటెడ్, అంటే సంతృప్త కొవ్వు, వంద గ్రాములకు ఐదు గ్రాములు దాటితే ఎక్కువ. అది మొత్తం కొవ్వులో సగానికి దగ్గరగా ఉంటే వాడింది పామోలిన్ అని చదవకుండానే చెప్పొచ్చు. పామోలిన్‌లో సంతృప్త కొవ్వు 40 శాతానికి పైనే ఉంటుంది, పొద్దుతిరుగుడు నూనెలో పది పన్నెండు శాతమే. రెండు రకాల్లో ఒకటి ఎంచాల్సి వస్తే సంతృప్త కొవ్వు తక్కువున్నది తీసుకోండి.

ట్రాన్స్‌ఫ్యాట్, అంటే గుండెకు చేటు చేసే కొవ్వు, విషయంలో మునుపటంత భయం లేదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది రెండు శాతం మించకూడదు. "జీరో ట్రాన్స్‌ఫ్యాట్" అన్న ముద్ర చూసి మురిసిపోవాల్సిన పని కూడా లేదు.

పదార్థాల వరుస, ఆ నంబర్లు

ఏది బరువు ఎక్కువో అదే ముందు రాయాలి. అందుకే మొదటి మూడు పేర్లు చదివితే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. మక్కరవ్వ, పామోలిన్, బియ్యప్పిండి అని మొదలైతే, ఆ ప్యాకెట్ అంటే పిండి, నూనె, మళ్లీ పిండి. శనగపిండి, పెసరపప్పు, పల్లీలు మొదట ఉంటే పరవాలేదు, కొంత మాంసకృత్తులైనా కడుపులోకి పోతాయి. దానికి రుజువు పట్టికలో ప్రోటీన్ గడి. వంద గ్రాములకు ఆరేడు అయితే పిండి సరుకు. ఉప్పు లేని పుట్నాల్లో ఇరవై దాకా ఉంటుంది.

నంబర్లు చూసి చాలామంది హడలిపోతారు. అన్నీ ఒకటి కాదు. 330 నిమ్మ ఉప్పు. 500 వంటసోడా. 160సి అంటే మిర్చి నుంచి తీసిన ఎర్రరంగు. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే చపాటా మిర్చి గుర్తుందా, కారం తక్కువ, రంగు ఎర్రెర్రగా, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చూడండి, అలాంటి రంగు మిర్చి నుంచే తీస్తారు. దాన్ని చూసి ప్యాకెట్ పక్కన పెట్టనక్కర్లేదు.

621 అంటే ఎంఎస్‌జీ, రుచి పెంచడానికి వేసే పొడి. 627, 631 దాని తోడబుట్టినవి, రుచిని రెట్టింపు చేస్తాయి. ముందువైపు "ఎంఎస్‌జీ కలపలేదు" అని ఉన్న ప్యాకెట్లలో ఈ రెండూ తరచూ కనపడతాయి. ఇవి విషం కాదు, అనుమతి ఉన్నవే. నా అభ్యంతరం వేరు. ఆ రుచికి నాలుక అలవాటు పడిన పిల్లకు మన పప్పుచారు చప్పగా తోస్తుంది. మా పాపకు సరిగ్గా అదే జరిగింది. రెండు వారాలు ప్యాకెట్ ఆపాక కానీ సొరకాయ పప్పు మళ్లీ తినలేదు.

వదిలేయాల్సిన నంబర్లు: 102, 110, 122, 124, 129. ఇవి కృత్రిమ రంగులు. వీటిని కలిపితే "పిల్లల ఏకాగ్రత మీద, నడవడి మీద చెడు ప్రభావం ఉండొచ్చు" అన్న అర్థం వచ్చే హెచ్చరిక ప్యాకెట్ మీద వేయాలని ఐరోపాలో 2010 నుంచి నిబంధన ఉంది. ఇక్కడ ఆ హెచ్చరిక ఉండదు కాబట్టి నంబరే మనకు హెచ్చరిక.

పేరూ ఊరూ లేని ప్యాకెట్లు

పట్టిక ఉన్న ప్యాకెట్‌తో కనీసం లెక్క వేయొచ్చు. లేనిదానితో ఏం చేస్తాం? బడి గేటు దగ్గర, జాతరల్లో, పాలిథిన్ కవర్‌లో కట్టి అమ్మే పచ్చ, గులాబీ, పసుపు గొట్టాలు పిల్లల వేళ్లకు తొడుక్కోవడానికి భలే ఇష్టం. ఏ రంగు వేశారో, ఎన్నిసార్లు మరిగిన నూనెలో తీశారో చెప్పేవాళ్లు లేరు. నేను వాటిని పూర్తిగా మానేశాను. మీరూ మానేయండి.

కంపెనీ ప్యాకెట్ అయినా 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశపు ఆహార భద్రతా సంస్థ) నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ చూడండి. దుకాణం ముందు మే నెల ఎండలో రోజంతా వేలాడిన ప్యాకెట్ వద్దు, లోపలి అరలోంచి ఇమ్మనండి. వేడికి నూనె చెడుతుంది. చించగానే పాత నూనె వాసన వస్తే తేదీ మిగిలి ఉన్నా పారేయండి. లోపల బొమ్మలు, స్టిక్కర్లు పెట్టిన ప్యాకెట్ మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వనే వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

బడుల గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి క్యాంటీన్‌లో గానీ, గేటుకు 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని 2020లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు చెప్తున్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో అడగడానికి మొహమాటపడకండి. నేను అడిగాను. పుట్టినరోజులకు తరగతి మొత్తానికి చిప్స్ ప్యాకెట్లు పంచడం ఆపి పెన్సిళ్లు ఇద్దామంటే పది మంది తల్లులు సరే అన్నారు.

మరి ఏమి పెట్టాలి

ఇంట్లో చేసింది కదా అని కళ్లు మూసుకుని పెట్టేది కూడా కాదు. సకినాలు, గారెలు, మురుకులు నూనెలో వేగినవే. తేడా ఏమిటంటే ఉప్పు మీ చేతిలో ఉంటుంది. సంక్రాంతికి సకినాల పిండి కలిపేటప్పుడు పిల్లల వాటా ముందే విడిగా తీసి, మామూలుగా వేసే ఉప్పులో సగం వేయండి. వాము, నువ్వులు ఉంటాయి కాబట్టి రుచికి లోటుండదు.

సాయంత్రాలకు నేను ఎక్కువగా చేసేది సర్వపిండి. గిన్నెకు ఒత్తి మూత పెట్టి కాల్చేది కాబట్టి నూనె చెంచాల్లోనే పడుతుంది. చిన్నవాళ్లకు పల్లీలను పొడిచేసి కలపండి. ఐదేళ్ల లోపు వాళ్లకు పల్లీలు, గట్టి గింజలు, మక్కపేలాలు ముక్కలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పుట్నాలను కూడా పొడి కొట్టి మురమురాల మీద చల్లి ఇవ్వొచ్చు. బొబ్బెర గుడాలు మెత్తగా ఉడికించి కొంచెం మెదిపి, పైన నిమ్మరసం పిండితే ఉప్పు దాదాపు అక్కర్లేదు. పులుపు ఉన్నచోట నాలుక ఉప్పును అంతగా అడగదు. ఆ కిటుకు మా అమ్మ చెప్పింది.

ప్రయాణాలే కష్టం. కాజీపేట జంక్షన్‌లో బండి ఆలస్యమైతే పిల్లలు ఎదురుగా కనపడేదే అడుగుతారు. సన్న అటుకులతో చేసిన చుడువ ఒక డబ్బా, రెండు అరటిపండ్లు సంచిలో పైనే పెట్టుకోండి. అడుగున పెడితే తీసేలోపే దుకాణం దగ్గరికి పరుగెత్తుతారు.

"ఎన్నటికీ వద్దు" అని మాత్రం అనకండి. మా ఇంట్లో ఆదివారం ప్యాకెట్ రోజు. పాపే ఎంచుకుంటుంది, నేను వెనక చదివి చెప్తాను, గిన్నెలో పోస్తాను, మిగిలింది క్లిప్ పెట్టి డబ్బాలో వేస్తాం. అంకెలు ఇంకా రావు కానీ, "అమ్మా, దీంట్ల ఉప్పు ఎక్కువున్నదా?" అని ప్యాకెట్ తిప్పి ఇస్తోంది.

ఏ పెళ్లికో పోయి ప్యాకెట్ మొత్తం తినేసి వస్తే తిట్టకండి, ఉపవాసమూ పెట్టకండి. అడిగినన్ని మంచినీళ్లు ఇవ్వండి. ఆ పూటకు తొక్కు, అప్పడం పక్కన పెట్టి, ఉప్పు వేయకుండా పెరుగన్నం మెత్తగా కలిపి, దానిమ్మ గింజలు చల్లి పెట్టండి. పెరుగు కమ్మగా ఉంటే ఉప్పు లేదన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.